ఆటయంత్రమునకు యజమాని ఎవరు?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

లెక్కలు వ్రాసికొని బ్రతుకువానిని రజతోత్సవ సభలో మాటలాడుమనిరి గనుక, ఇరువదియైదేండ్ల జమాఖర్చులు చదివి వినిపించునేమో యని మీలో కొందరు భయపడి యుందురు. ఆ పని కార్యదర్శిగారు నెరవేర్చియే యున్నారు. నేను ఎన్నుకొనిన విషయము పిల్లల ఆటయంత్రము. ఇంత గంభీరమైన సభలో ఆటవస్తువు ప్రసక్తి యేమని నవ్వవలదు. ఈ విషయమై మన పఠనమందిరములో రెండు నెలలుగా వాదము జరుగుచున్నది. దానిని తేల్చవలసిన భారము మన మీద నున్నది.

సంగతి యిది. మన చందాదారులలో ఇద్దరు విద్యార్థులు జపాను దేశపు నింటెండో కంపెనీవారి త్రీడీఎస్ అను చేతి ఆటయంత్రము నొకదానిని పాతదిగా కొని తెచ్చుకొనిరి. దానిలో పెట్టుటకు ఒక ఫ్లాష్ కార్డును సంపాదించిరి. తాము స్వయముగా వ్రాసిన చిన్న ప్రోగ్రామును ఆ కార్డులో నుంచి, తెలుగు అక్షరములలో ఎక్కములు కనబడునట్లు చేసిరి. మన బాలల విభాగమునకు వచ్చు పిల్లలు దాని చుట్టు మూగి పదమూడవ యెక్కమును కూడ తప్పులేకుండ చెప్పుచున్నారు. ఇది ఒక పక్షము. రెండవ పక్షమున, అట్టి కార్డులు దొంగ ఆటలు ఆడుకొనుటకే పుట్టినవి, వానికి గ్రంథాలయములో చోటీయరాదు అని కొందరు పెద్దలు అనుచున్నారు. ఇంతలో యంత్రము తెరమీద "అప్‌డేట్ చేయుదువా?" అని మాటిమాటికి అడుగుచున్నది. చేసినచో తమ కార్డు పనిచేయక పోవచ్చునని పిల్లల భయము. ఎవరి మాట న్యాయము? విచారింతము.

మొదట పదముల యర్థము తెలిసికొందము. ఆటయంత్రమును కన్సోల్ అందురు. దాని కడుపులో, యంత్రము మేల్కొనగానే నడచు మూల ప్రోగ్రాము ఒకటి యుండును, అది ఫర్మ్‌వేర్. ఏ ఆటను లోనికి రానీయవలెను, దేనిని వాకిటనే ఆపవలెను అని నిర్ణయించునది అదియే. మన ఖిల్లాకు ద్వారపాలకుడు ఎట్లో, యంత్రమునకు ఫర్మ్‌వేర్ అట్లు. కంపెనీ అనుమతి పొందిన ఆటకు ఒక మొహరు ఉండును. ద్వారపాలకుడు మొహరు చూచి దారి విడుచును. ఫ్లాష్ కార్డు అనగా కంపెనీకి సంబంధము లేని ఇతరులు చేసిన కార్డు. అది అనుమతి పొందిన ఆటవలె వేషము వేసికొని ద్వారము దాటి, లోపలికి పోయిన పిమ్మట తనలో నున్న ప్రోగ్రాములను నడపించును. ఇక కంపెనీ అనుమతి లేకుండ, జీతము లేకుండ, కేవలము ఆసక్తితో ఎవరికి వారు వ్రాసికొను ప్రోగ్రాములను హోంబ్రూ అందురు. మన భాషలో దీనికి చక్కని మాట యున్నది: స్వయంపాకము. సత్రములో వడ్డించినది తినక, తన పొయ్యి తానే వెలిగించుకొని తన యన్నము తానే వండుకొనుట.

ఈ తాళముల కథ పాతదే. నింటెండోవారు 1983లో జపానులో విడిచిన ఫామికామ్ అను యంత్రమునకు ఇట్టి తాళము లేదు. ఎవరైనను క్యాసెట్టు చేసి పెట్టవచ్చును. మన తెలుగు పట్టణములలో తొంబదుల కాలమున టీవీకి తగిలించు ఆటపెట్టెలు, వాని వెంట "ఒకే క్యాసెట్టులో లక్షల ఆటలు" అని గొప్పగా అచ్చువేసిన క్యాసెట్లు అమ్మిన సంగతి నా వయస్సువారికి జ్ఞాపకముండును. లక్షలు ఉత్తమాట, అవే పదో యిరువదో ఆటలు తిరిగి తిరిగి వచ్చెడివి. ఆ పెట్టెలు ఫామికామునకు నకళ్లు. మూలయంత్రమునకే తాళము లేదు గనుక నకలుకును లేకపోయెను. అమెరికాలో అదే యంత్రమును 1985లో విడిచినపుడు మాత్రము కంపెనీవారు లోపల ఒక తాళపు చిప్పును అమర్చిరి. నాటినుండి నేటివరకు తాళము వేయువారికిని తాళము తీయువారికిని పందెము సాగుచునే యున్నది.

ఈ పందెము మన విద్యార్థుల కార్డు దగ్గరకు ఎట్లు వచ్చెనో చూడుడు. 2004లో నింటెండో డీఎస్ అను చేతియంత్రము వెలువడెను. దాని లెక్కలు చూచిన ఆశ్చర్యము కలుగును. ప్రధాన ప్రాసెసరు వేగము 67 మెగాహెర్ట్జులు, జ్ఞాపకస్థలము 4 మెగాబైట్లు మాత్రమే. నేడు మన జేబులోని ఫోనులో ఒక్క ఛాయాచిత్రమునకే అంత స్థలము చాలదు. అయినను ఆ యంత్రములు 15 కోట్లకు పైగా అమ్ముడుపోయెను. కొద్ది యేండ్లకే ఆర్4 అను ఫ్లాష్ కార్డు, దానిని పోలిన మరి యనేక కార్డులు అంగళ్లకు వచ్చెను. వానిలో వేలు పెట్టి కొనవలసిన ఆటలను ఊరకే నింపుకొని ఆడుకొన్నవారే యెక్కువ. దీనిని దాచవలసిన పని లేదు. కంపెనీలు నష్టపోయెను, ఆటలు రచించిన వారి కష్టార్జితము పోయెను. నింటెండోయును మరి 54 ఆటల కంపెనీలును కలిసి వేసిన దావాలో 2009 ఫిబ్రవరిలో టోక్యో జిల్లా న్యాయస్థానము ఆ కార్డుల దిగుమతిని, అమ్మకమును నిలిపివేయుమని తీర్పు చెప్పెను. 2010 జూలైలో లండను హైకోర్టుకూడ అట్లే తీర్పిచ్చెను. కార్డును స్వయంపాకమునకు కూడ వాడవచ్చును గదా యని ప్రతివాదులు వాదింపగా, అట్టి ఉపయోగము ఉన్నంత మాత్రమున అమ్మకమునకు రక్షణ కలుగదని ఆ న్యాయస్థానము త్రోసివేసెను. పారిస్‌లో 2009లో తీర్పు కంపెనీకి వ్యతిరేకముగా వచ్చి, 2011లో అప్పీలులో తలక్రిందులయ్యెను. పండితులైన న్యాయమూర్తులకే ఏకాభిప్రాయము కుదరని విషయమిది యని గ్రహించుడు.

కాని అదే కార్డులో మరియొక లోకము ఉండెను. మూన్‌షెల్ అను స్వయంపాకపు ప్రోగ్రాముతో ఆ చిన్న యంత్రములో పాటలు వినవచ్చును, పుస్తకములు చదువవచ్చును. డీఎస్ లైనక్స్ అను దానితో ఆటవస్తువు కంప్యూటరుగా మారెను. 2007లో జెన్స్ ఆండర్సన్ అను ప్రోగ్రామర్ కలర్స్ అను చిత్రలేఖన ప్రోగ్రామును వ్రాసి పదిమందికి ఉచితముగా పంచెను. దానితో గీసిన బొమ్మలు చూచినవారు, ఇంత చిన్న తెరమీద ఇంత కౌశలమా యని విస్తుపోయిరి. తరువాత ఏమాయెనో వినుడు. అదే ప్రోగ్రాము 2012లో కలర్స్ త్రీడీ అను పేర నింటెండోవారి సొంత అంగడిలోనే, వారి మొహరుతోనే, త్రీడీఎస్ యంత్రము కొరకు అమ్మకమునకు వచ్చెను! నిన్న దొడ్డిదారిన వచ్చినవాడు నేడు సింహద్వారమున సగౌరవముగా ప్రవేశించెను. మొదటనే వానిని తరిమి వేసియుండినచో కంపెనీ అంగడిలో ఆ వస్తువు ఉండెడిదే కాదు.

అప్‌డేట్ల పాత్రకు వత్తము. మొదటి డీఎస్ యంత్రమునకు ఫర్మ్‌వేరును ఇంటినుండి మార్చుకొను వసతి లేదు. 2008లో వచ్చిన డీఎస్ఐ యంత్రమునకు ఆ వసతి కల్పించిరి. 2009 వేసవిలో 1.4 అను అప్‌డేటు వచ్చెను. రాత్రి పని చేసిన కార్డు తెల్లవారి పని చేయలేదు. ద్వారపాలకుడు ఇప్పుడు వేషమును మరింత నిశితముగా పరీక్షించుచున్నాడు. కార్డుల తయారీదారులు కొన్నాళ్లకు కార్డు లోపలి ప్రోగ్రామును తామును మార్చి క్రొత్త వేషము వేయించిరి. కంపెనీ మరల అప్‌డేటు చేసెను. వారు మరల వేషము మార్చిరి. డీఎస్ఐ నుండి త్రీడీఎస్ వరకు ఇదే వరుస. ఈ పోరులో నలిగినవాడు ఎవడు? కార్డు అమ్మినవాడు క్రొత్త కార్డు అమ్ముకొనెను. కంపెనీ క్రొత్త యంత్రము అమ్ముకొనెను. తన ప్రోగ్రాము తాను వ్రాసికొన్న పిల్లవాడు మాత్రము చేతిలోని పలక పగిలినట్లు కూర్చుండెను.

లెక్కలవాడను గనుక ఒక చిత్రమైన ఉదంతమును చెప్పక ఉండలేను. ఇదే కంపెనీవారి వీ అను యంత్రమున్నది. 2008 ఆరంభమున దాని తాళము తీసిన వారు వాడిన సాధనము ఒక గుఱ్ఱము పేరు! జెల్డా అను ఆటలో కథానాయకుని గుఱ్ఱమునకు మనము పేరు పెట్టవచ్చును. ఆ పేరునకు కేటాయించిన చోటు కొలది అక్షరములకే సరిపోవును. భద్రపరచిన ఆట ఫైలులో ఆ పేరును మితిమీరిన పొడవుగా వ్రాసినచో, మిగిలిన అక్షరములు ప్రక్క గదిలోనికి పొంగి, అచ్చట యంత్రమునకు ఆజ్ఞలై కూర్చుండెడివి. జమా గడిలో పట్టని అంకె ఖర్చు గడిలోనికి జరిగినట్లు! 2008 జూన్‌లో వచ్చిన 3.3 అప్‌డేటు ఆ ఫైళ్లను వెదకి తుడిచివేయ జూచెను. వెదకు పద్ధతిలోనే లోపమున్నదని కనిపెట్టి వారు మరల దాటిరి. తరువాతి అప్‌డేట్లలో ఆ దారి మూతపడెను.

అదే యంత్రములో రెండవ లోపము ఇంకను రుచికరము. మొహరు సరియైనదో కాదో చూచుటకు, ప్రోగ్రాములోని అంకెలనన్నిటిని ఒక నిర్ణీత పద్ధతిలో కలిపి ఒక సంగ్రహసంఖ్య తేల్చి, మొహరులోని సంఖ్యతో పోల్చవలెను. మనము పుట మొత్తమును తాళీజు చూచుకొనునట్లు. అయితే ఆ పోల్చు భాగమును వ్రాసినవారు అంకెలను అక్షరమాలగా భావించి పోల్చిరి. ఆ భాషలో అక్షరమాల నడుమ సున్న వచ్చినచో మాట ముగిసినదని గుర్తు. కావున రెండువైపుల మొదటి స్థానమున సున్నయే యున్నయెడల, పరీక్ష ఆరంభమైన చోటనే ముగిసి "సరిపోయినది" అని తేలిపోవును! మొహరు నిండ సున్నలు పెట్టి, ప్రోగ్రాములో ఒక నిరుపయోగమైన అంకెను మార్చుచు పోయిన, సరాసరిని 256 ప్రయత్నములలో ఒకసారి సంగ్రహసంఖ్య సున్నతో మొదలగును. భారతీయులు లోకమునకిచ్చిన సున్న, ఇంత పెద్ద కంపెనీ కోట ద్వారమును తెరచెను. లెక్క వ్రాయువాడు సున్న దగ్గర ఎంత జాగరూకుడై యుండవలెనో బాలురు దీనినిబట్టి నేర్చుకొందురుగాక.

ఇప్పుడు అసలు ప్రశ్న. తాళము తీసినవాడెల్ల దొంగయేనా? మన గ్రంథములలో ఇద్దరిని తలచుకొందము.

శూద్రకుని మృచ్ఛకటికములో శర్విలకుడు అనువాడు కలడు. చదువుకొన్నవాడు, చతురుడు. చారుదత్తుని ఇంటి గోడకు కన్నము వేయుటకు తన జందెమునే కొలత్రాడుగా వాడెను. అతని నేర్పు చూచి ముచ్చటపడవచ్చును. కాని అతడు ఎత్తుకొనిపోయినది పరుల సొమ్ము. రెండవవాడు భారతములోని ఏకలవ్యుడు. ద్రోణుడు శిష్యునిగా పరిగ్రహింపకున్నను మట్టిబొమ్మను ముందుంచుకొని తనంతట తాను విలువిద్య నేర్చెను. ఒకరి సొమ్ము ముట్టలేదు, ఒకరి విద్యను తగ్గింపలేదు. అతని నేరమెల్ల అనుమతి లేకుండ నేర్చుటయే. గురుదక్షిణ పేర బొటనవ్రేలు పోగొట్టుకొనెను.

అయ్యలారా! ఫ్లాష్ కార్డు అను ఒకే త్రోవలో శర్విలకుడును నడచుచున్నాడు, ఏకలవ్యుడును నడచుచున్నాడు. మనుష్యుడు న్యాయాధిపతియై కూర్చున్నచో ఇద్దరిని పిలిచి, చేతిలో నున్నదేమి, మనస్సులో నున్నదేమి యని విచారించును. ఫర్మ్‌వేరుకు ఆ విచారణ లేదు. దానికి తెలిసినది మొహరొక్కటే. శర్విలకుని పట్టబోయి ఏకలవ్యుని బొటనవ్రేలు కోయుచున్నది. నేటి నా ప్రసంగము యొక్క సారమంతయు ఈ యొక్క మాటలో నున్నది.

అయితే కంపెనీకి తన తాళమును గట్టిచేసికొను హక్కు లేదా? ఉన్నది. ఆట రచించినవానికి కూలి దక్కవలెను. దొంగ నకళ్లు పెరిగినచో రేపు ఆట వ్రాయువాడు ఉండడు. మన గ్రంథాలయములో పుస్తకము ఉచితముగా చదువవచ్చును గాని, పుస్తకమును అచ్చుకొట్టి అమ్ముకొనుటకు మనము ఒప్పము. తాళము నిన్నటిది లోపభూయిష్టమైన నేడు సవరించుట దోషము కాదు. దోషము ఎక్కడ నున్నదనగా, అమ్మి సొమ్ము చేసికొన్న వస్తువులోనుండి, అమ్మినపుడు వాగ్దానము చేసిన గుణమును తరువాత వెనుకకు తీసికొనుటలో.

దీనికి సాక్ష్యము సోనీ కంపెనీవారి ప్లేస్టేషన్ 3. 2006లో అది వెలువడినపుడు, దీనిలో లైనక్స్ వంటి వేరొక ఆపరేటింగ్ సిస్టమును కూడ పెట్టుకొనవచ్చునని కంపెనీయే చెప్పెను. పరిశోధకులు, విద్యార్థులు ఆ గుణమును చూచి కొనిరి. అమెరికా వైమానిక దళమువారు 1,760 యంత్రములను జతపరచి 2010లో ఒక మహాగణకమునే నిర్మించిరి. అదే సంవత్సరము ఆరంభమున ఒక యువకుడు ఆ మార్గమున యంత్ర రహస్యములలోనికి చొచ్చుకొనిపోయెను. వెంటనే 2010 ఏప్రిల్ 1వ తేదీన 3.21 అను అప్‌డేటుతో ఆ వసతినే తీసివేసిరి. అప్‌డేటు వలదన్నవాడు దానిని నిలుపుకొనవచ్చును; కాని పదిమందితో నెట్‌వర్కులో ఆడుటకును, క్రొత్త ఆటలు ఆడుటకును వీలులేదు. ఏ తాళమును తీయనివాడు సైతము రెండింటిలో ఒకదానిని వదలుకొనవలసి వచ్చెను. కొనినవారు దావా వేసిరి. ఏండ్ల తరబడి నడచిన పిమ్మట 2016లో రాజీ కుదిరి, 2018లో సవరించిన షరతులతో పరిహారము ఇచ్చుటకు కంపెనీ ఒప్పుకొనవలసి వచ్చెను. యంత్రమును అమ్మిన పిదప కూడ దాని తాళపుచెవి అమ్మినవాని చేతిలోనే యుండుట ఎంత చిక్కు తెచ్చునో చూచితిరా?

మరియొక అపాయము. అప్‌డేటు అనునది యంత్రపు మూలమునే తిరిగి వ్రాయుట. వ్రాయుచుండగా పొరపాటు జరిగినచో యంత్రము మూగవోవును. 2009 సెప్టెంబరులో వీ యంత్రమునకు వచ్చిన 4.2 అప్‌డేటు, మేల్కొను భాగమునే తిరుగ వ్రాయబోయి, ఏ మార్పును చేయని కొందరి యంత్రములను కూడ పనికిరాకుండ చేసెనని నాడు ఫిర్యాదులు వచ్చెను. ఇంత కాలమునకు పరిస్థితి మారినదా? 2025 మే నెలలో నింటెండోవారు తమ ఒడంబడికను సవరించి, నియమములు మీరినచో యంత్రమునే నిరుపయోగముగా చేయగలమని వ్రాసికొనిరి. 2025 జూన్‌లో స్విచ్ 2 వెలువడిన కొన్ని దినములకే, మిగ్ అను ఫ్లాష్ కార్డును అందులో పెట్టినవారి యంత్రములు కంపెనీ ఆన్‌లైన్ సేవలనుండి బహిష్కరింపబడెను. తాము కొని తెచ్చుకొన్న ఆటలనే కార్డులో పెట్టుకొంటిమని చెప్పినవారికిని అదే గతి పట్టెను. పాత యంత్రమును సంతలో కొనువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. వెనుకటి యజమాని చేసిన పనికి క్రొత్త యజమాని యంత్రము వెలిపడి యుండవచ్చును.

ఇక మన దేశపు చట్టము. 1957 నాటి కాపీరైటు చట్టము సవరణలతో నేటికిని అమలులో నున్నది. దాని 52వ సెక్షనులో కంప్యూటరు ప్రోగ్రామును గూర్చి కొన్ని మినహాయింపులు కలవు. న్యాయముగా తన యొద్దనున్న ప్రోగ్రాము ఎట్లు పనిచేయుచున్నదో పరిశీలించి అధ్యయనము చేయుట నేరము కాదు. స్వతంత్రముగా వ్రాసిన మరియొక ప్రోగ్రాము దానితో కలిసి పనిచేయుటకు అవసరమైన సమాచారము వేరే సులభముగా దొరకని పక్షమున, దానిని రాబట్టుటయు ఉల్లంఘన కాదు. 2012లో చేర్చిన 65ఏ సెక్షను, రచయిత హక్కులను భంగపరచు ఉద్దేశముతో సాంకేతికమైన తాళమును తప్పించిన వానికి రెండేండ్ల వరకు ఖైదు, జరిమానా విధించుచున్నది. ఉద్దేశముతో అను మాటను గమనింపుడు. చట్టము నిషేధింపని ప్రయోజనము కొరకు చేసిన పనికి అందులోనే మినహాయింపు చూపినారు. అనగా మన చట్టము చేతిని మాత్రమే కాక, చేతి వెనుకనున్న సంకల్పమును కూడ చూడుమని చెప్పుచున్నది. ఫర్మ్‌వేరు చూడలేనిది చట్టము చూచుచున్నది. ఏకలవ్యునికి ఇంతకంటె పెద్ద ఊరట ఏమి కావలెను?

ఆటలు ఆడని పెద్దలు, మాకేమి పట్టినదని అనుకొనవలదు. ఈ ద్వారపాలకుడు ఇప్పుడు ప్రతి వస్తువులోను చేరినాడు. 2016 సెప్టెంబరులో హెచ్.పి. కంపెనీవారి కొన్ని ప్రింటర్లు ఒక్కసారిగా ఇతరుల సిరా కార్ట్రిడ్జీలను నిరాకరించెను. ముందుగానే పెట్టియుంచిన ఫర్మ్‌వేరు ఆ దినమున మేల్కొనెను. గగ్గోలు పుట్టగా కంపెనీవారు క్షమాపణ చెప్పి, ఆ నిర్బంధము తొలగించు మరియొక ఫర్మ్‌వేరును ఇచ్చిరి. అమెరికాలో ట్రాక్టరు బాగుచేసికొనుటకు కంపెనీ ప్రోగ్రాము అడ్డు తగులుచున్నదని రైతులు పోరాడగా, 2015లో వారికి చట్టములో మినహాయింపు దొరకెను. మన కేంద్రప్రభుత్వమును 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించి, డిసెంబరులో దానికై ఒక పోర్టలును తెరచెను. వ్యవసాయ పరికరములు, ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు అందులో చేరినవి. గణపసముద్రము క్రింద దున్నుకొను రైతు రేపు ట్రాక్టరు చెడినపుడు, ఊరి మేస్త్రి చేయి వేయవచ్చునా కూడదా యను ప్రశ్నయు, నేడు ఆ పిల్లల చేతిలోని ఆటయంత్రము ప్రశ్నయు ఒక్కటే. డబ్బు చెల్లించి తెచ్చుకొన్న వస్తువునకు యజమాని ఎవరు?

గ్రంథాలయమునకు దీనితో మరింత దగ్గరి సంబంధమున్నది. పుస్తకము అచ్చువేసినవాడు పోయినను, అంగడి మూతపడినను, పుస్తకము అలమారలో నిలుచును. ఆటల విషయము అట్లు కాదు. త్రీడీఎస్ యొక్క ఆన్‌లైన్ అంగడి 2023 మార్చి 27న మూతపడెను. అచ్చట మాత్రమే దొరకు ఆటలను నేడు ఎవరును కొనలేరు. చిత్రమేమనగా, అంగడి కట్టివేసిన రెండు నెలలకే, 2023 మే నెలలో 11.17 అను అప్‌డేటు పంపి, స్వయంపాకపు దారులను మరల బిగించిరి. సరకు లేదు, తాళము మాత్రము క్రొత్తది! అమెరికాలో ఆటల చరిత్రను భద్రపరచు సంస్థయొకటి 2023లో లెక్కవేయగా, 2010కి పూర్వము ఆ దేశమున వెలువడిన ఆటలలో 87 శాతము నేడు అంగడిలో దొరకుట లేదని తేలెను. గోన బుద్ధారెడ్డి మన ప్రాంతమువాడని గర్వపడుచున్నాము. ఏడువందల యేండ్లకు పైబడిన రంగనాథ రామాయణము నేటికి మన అలమారలో నున్నదనిన, తరతరముల వ్రాయసగాండ్రు తాటాకు చిలుము పట్టకముందే క్రొత్త తాటాకునకు ఎత్తి వ్రాసినందుననే. ప్రతి తాటాకునకు మొహరు వేసి, ఎత్తి వ్రాయరాదని కట్టడి చేసియుండినచో ఆ ద్విపద మన చెవిని పడెడిదా?

కావున కార్యవర్గమువారికి నా మనవి నాలుగు మాటలు.

ఒకటి: ఆ విద్యార్థుల యంత్రమునకు బాలల విభాగములో స్థానమీయుడు. కాని కార్డులో వారు స్వయముగా వ్రాసినవి, రచయిత ఉచితముగా వాడుకొనుడని అనుమతించినవి మాత్రమే యుండవలెను. కొనవలసిన ఆటలను ఊరకే నింపినచో ఆ దినమే యంత్రమును ఇంటికి పంపవలెను. ఏకలవ్యునికి అరుగు వేయుదము. శర్విలకునికి కన్నము చూపరాదు.

రెండు: అప్‌డేటు మీటను నొక్కుటకు ముందు అందులో నేమున్నదో చదువవలెను. ఫోనులకును, బ్యాంకు పనులు చేయు యంత్రములకును అప్‌డేటు తప్పక చేయవలసినదే. అవి దొంగలనుండి మన సొమ్మును కాపాడును. అచ్చట ఆలస్యము ప్రమాదము. కాని ఎక్కములు చెప్పుటకే యుంచిన, నెట్‌వర్కుతో పనిలేని పాత ఆటయంత్రమును ఉన్నది ఉన్నట్లు ఉంచుకొనుట దోషము కాదు. దేనికి ఏది తగునో విచారించి చేయుటయే వివేకము.

మూడు: పిల్లలు వ్రాసిన ప్రోగ్రాము ఒక్క కార్డులోనే యుండరాదు. మూలప్రతిని గ్రంథాలయ కంప్యూటరులో భద్రపరచవలెను. దానిని కాగితము మీద కూడ అచ్చుతీసి బైండు చేయించి, కర్తల పేర్లతో మన పుస్తకపట్టికలో ఒక సంఖ్య వేయవలెను. రేపు కార్డు పనిచేయకపోయినను విద్య నిలుచును. ఒక యంత్రము తలుపు మూసిన మరియొక యంత్రమునకు దానిని మార్చి వ్రాసికొనవచ్చును. బొటనవ్రేలు పోయినను ఏకలవ్యుడు మిగిలిన వ్రేళ్లతో విల్లు పట్టెనని మన కథయే చెప్పుచున్నది గదా.

నాలుగు: ఏ యంత్రము కొనినను, అమ్మువాడు ఇచ్చిన ఒడంబడికను ఒకరు చదివి తెలుగులో నలుగురికి చెప్పవలెను. చదువకయే "అంగీకారము" అని నొక్కుట, చూడకయే కాగితము మీద వ్రేలిముద్ర వేయుటకు సమానము. వ్రేలిముద్రల కాలమున మన పెద్దలు ఎన్ని యెకరములు పోగొట్టుకొనిరో ఈ తాలూకాలోని ప్రతి యింటికి తెలియును. ఆ కష్టము తప్పించుటకే గదా ఊరూర గ్రంథాలయములు వెలసినది!

కొండమీది మన ఖిల్లా ద్వారములు నేడు తెరచియే యున్నవి. కాపలాదార్లు పోయిరి, తాళములు త్రుప్పుపట్టి రాలిపోయెను. కోట కట్టినవారి పేరు నిలిచినది, కోట క్రింద త్రవ్వించిన చెరువు వలన. ఆ నీరు పారినంతకాలము వారిని తలచుకొందుము. తాళములు వేయువారు వేయనిండు. మనము మాత్రము మన పిల్లలకు నీరు పారించు పని చేయుదము. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము చేయుచున్న పని అదియే. రాబోవు ఇరువదియైదేండ్లలో తాటాకు, కాగితము, యంత్రము అను భేదము లేక, జ్ఞానము ఏ రూపమున వచ్చినను దానిని చేరదీయు శక్తి మన గ్రంథాలయమునకు కలుగుగాక యని కోరుచున్నాను.